మెదడు నాళంలో పాతాళగరిగె

గజ్జల్లో సూది గుచ్చి, అక్కణ్ణుంచి సన్నటి గొట్టాన్ని మెదడు దాకా పోనిచ్చి, అక్కడ అడ్డుపడిన నెత్తురు గడ్డని బయటికి లాగేసే వైద్యం ఒకటుంది. డాక్టర్లు మెకానికల్ త్రాంబెక్టమీ అంటారు. దాని చరిత్ర వాళ్ళు రాస్తే శాస్త్రంలా ఉంటుంది. నేను డాక్టర్ని కాను. కోస్తా జిల్లాల్లో ఒక పెద్ద సర్కారు ఆసుపత్రిలో ఎక్స్‌రే విభాగంలో చేరి, క్యాథ్‌ల్యాబ్ టెక్నీషియన్‌గా రిటైరయినవాణ్ణి. నా చేతుల మీదుగా పోయినవి ఫిల్ములు, క్యాథెటర్లు, ఇండెంట్లు, స్టాకు రిజిస్టర్లు. ఏ సరుకు ఎప్పుడొచ్చింది, దాని బిల్లు ఎవరు కట్టారు అన్నది చూడకుండా నాకు ఏ చరిత్రా అర్థం కాదు. ఈ వైద్యం కథని అలా చూస్తేనే సరిగ్గా కనిపిస్తుందని కూడా నా నమ్మకం.

ముందు థామస్ ఫోగార్టీ పేరు చెప్పుకోవాలి, ఆయన మొదట్లో మా కులస్థుడే గనక. అమెరికాలో సిన్సినాటి ఊళ్ళో ఒక ఆసుపత్రిలో కుర్రతనంలోనే సామాను కడిగే పనికి చేరి, తర్వాత ఆపరేషన్ థియేటర్లో సహాయకుడయ్యాడు. కాలి నాళంలో గడ్డ చేరితే సర్జన్లు నాళాన్ని పొడుగునా కోసి గడ్డ తీయడం, అయినా చాలామందికి కాలు పోవడం, కొందరికి ప్రాణమే పోవడం దగ్గర నుంచి చూశాడు. డాక్టరీ చదువుతూనే, మూత్రనాళంలో వేసే గొట్టం చివర రబ్బరు గ్లౌజు వేలి కొసని కత్తిరించి కట్టాడు. ముడి ఎలా వేశాడంటే, చేపల గాలానికి ఈకలు కట్టే ముడి. అది చిన్నప్పుడే వచ్చు ఆయనకి. గొట్టాన్ని గడ్డ దాటించి, బుడగ ఊది, వెనక్కి లాగితే గడ్డ వచ్చేసేది. 1961లో మొదటిసారి మనిషి మీద వాడారు. ఈనాటికీ కాళ్ళకీ చేతులకీ ఫోగార్టీ గొట్టం లేని థియేటర్ ఉండదు. మెదడుకి మాత్రం అది పనికిరాలేదు. మెదడు నాళాలు మెలికలు తిరిగి, పలచటి గోడలతో ఉంటాయి. అక్కడ బుడగ ఊది లాగితే చిరిగిపోవచ్చు.

మెదడు నాళాల్ని కంటికి చూపించినవాడు ఈగాస్ మోనిజ్ అనే పోర్చుగీసు డాక్టరు, 1927లో, లిస్బన్‌లో. గౌట్ వాతంతో ఆయన వేళ్ళు వంకరపోయాయి, సూది పట్టుకోలేడు. ఆ పని ఆల్మేడా లీమా అనే శిష్యుడు చేసేవాడు. మెడలోని నాళంలోకి రంగు మందు ఎక్కించడం, వెంటనే ఎక్స్‌రే తీయడం. 1953లో సెల్డింగర్ అనే స్వీడన్ డాక్టరు సూది, తీగ, గొట్టం అనే వరసని కనిపెట్టాక మెడ జోలికి పోకుండా తొడ నుంచే వెళ్ళొచ్చని తేలింది. కానీ ఆ తీగలూ గొట్టాలూ డబ్బు పెట్టి కొనాలి. అందుకే 1980లలో నేను చేరేనాటికి కూడా మా దగ్గర నడిచింది మోనిజ్ పద్ధతే.

మా సార్ ఎడమచేతి రెండు వేళ్ళతో మెడ మీద నాడి పట్టుకుని, కుడిచేత్తో సూది దింపేవారు. నెత్తురు ఎర్రగా ఎగజిమ్మితే సరైన చోట పడ్డట్టు. రంగు మందు సిరంజిని ఒత్తుతూ “షూట్” అనేవారు. నేను మీట నొక్కగానే అటెండరు పై క్యాసెట్టు లాగేయాలి, కింది క్యాసెట్టు పైకి రావాలి, నేను మళ్ళీ నొక్కాలి. ఒక్క క్షణం తేడా వస్తే రంగు మందు దాటిపోయేది. తిట్లు మా ఇద్దరికీ సమానంగా పడేవి. తర్వాత డార్క్‌రూమ్‌లో డెవలపర్లోంచి ఫిల్ము పైకి తీస్తే కొమ్మలేసిన చెట్టులా నాళాలు కనిపించాలి. పక్షవాతం వచ్చినవాళ్ళలో కొందరి ఫిల్ములో ఒక పెద్ద నాళం తెగ్గోసినట్టు ఆగిపోయి ఉండేది. గడ్డ అక్కడుందన్నమాట. రిపోర్టు రాసేవారు, రోగిని వార్డుకి పంపేవారు. చూడటం వచ్చిన చాలా ఏళ్ళకి గానీ తీయడం రాలేదు మనిషికి.

ఆ మధ్య కాలంలో వచ్చిన సీటీ స్కాన్ గురించి ఒక్కమాట. పక్షవాతం గడ్డ వల్లా రావచ్చు, నాళం చిట్లీ రావచ్చు. పైకి రెండూ ఒకటే: మూతి వంకర, చెయ్యీ కాలూ పడిపోవడం, మాట తడబడటం. గడ్డకిచ్చే మందు చిట్లినవాడికిస్తే ప్రాణం పోతుంది. 1971లో లండన్‌లో మొదటి రోగికి సీటీ తీసేదాకా ఆ తేడాని డాక్టర్లు నడుములో సూదేసి వెన్నునీరు తీసి, అందులో నెత్తురుందా లేదా అని చూసి ఊహించేవారు. మా ఊరికి ఆ మిషను ఎంత ఆలస్యంగా వచ్చిందో చెప్తే ఇప్పటి పిల్లలు నవ్వుతారు.

గడ్డ కరిగించే ఆల్టిప్లేస్ మందు 1995 చివర్లో రుజువైంది. మొదట మూడు గంటలలోపు ఇవ్వాలన్నారు, తర్వాత నాలుగున్నర దాకా పరవాలేదన్నారు. చిన్న గడ్డలకి మంచి మందే. పెద్ద నాళంలో పడ్డ పెద్ద గడ్డ మాత్రం చాలాసార్లు దానికి లొంగదు. మనిషిని మంచాన పడేసేది ఎక్కువగా ఆ పెద్ద గడ్డే. పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి పంతొమ్మిది లక్షల మెదడు కణాలు చచ్చిపోతాయని 2006లో జెఫ్రీ సేవర్ అనే అమెరికా డాక్టరు లెక్క కట్టి చూపించాడు.

ఇక గడ్డ లాగే పనిముట్టు. మన ఊళ్ళల్లో నూతిలో చేద పడిపోతే పాతాళగరిగె వేసేవాళ్ళు గుర్తుందా, నాలుగు వైపులా కొక్కేలుండే ఇనప గాలం? ఆ పని చేసే వస్తువు మెదడుకి కావాల్సొచ్చింది. మొదటిది మెర్సీ. కాలిఫోర్నియాలో పియర్ గోబిన్ అనే ఫ్రెంచి డాక్టరు ఆలోచన. సీసా బిరడా తీసే మరచుట్టలాంటి సన్నటి తీగ. 2004లో అమెరికాలో అనుమతొచ్చింది. అనుమతి ఎలా వచ్చిందన్నది తమాషా. నాళాల్లో జారిపడిన వైద్య సామాను ముక్కలు తీయడానికి ఆ కంపెనీకే ఒక పరికరం అప్పటికే ఆమోదం పొంది ఉంది. ఇదీ దానిలాంటిదేనని చూపించారు. గడ్డ వస్తుందని రుజువు చేస్తే సరిపోయింది. రోగి లేచి నడుస్తాడా అన్న ప్రశ్నకి జవాబు అప్పటికి లేదు. దీని మీద అమెరికా డాక్టర్లలోనే గట్టి వాదన జరిగింది. ఆక్షేపించినవాళ్ళదే న్యాయమని నాకనిపిస్తుంది.

రెండోది అనుకోకుండా దొరికింది. మెదడు నాళానికి బుడగలా ఉబ్బు వస్తే అందులో కాయిల్స్ అనే సన్నటి తీగచుట్టలు నింపి మూస్తారు. అవి బయటికి జారకుండా నాళంలో అడ్డుగా పెట్టే వల గొట్టం ఒకటి తయారుచేశారు, పేరు సాలిటేర్. దాని సుగుణమేమిటంటే, పూర్తిగా విప్పాక కూడా నచ్చకపోతే వెనక్కి లాక్కోవచ్చు. 2008లో జర్మనీలోని స్టట్‌గార్ట్‌లో హాన్స్ హెంకెస్ దాన్ని గడ్డలో విప్పి వెనక్కి లాగితే గడ్డ వల కన్నాల్లో చిక్కుకుని వచ్చేసింది. రెండేళ్ళకి బార్సిలోనా డాక్టర్లు ఇరవై మంది రోగుల్లో వాడితే పద్దెనిమిది మందికి నాళం తెరుచుకుంది. ఇప్పుడు లోకమంతా ఎక్కువగా వాడే పనిముట్లలో ఈ జాతి వల ఒకటి. గడ్డ దాటేదాకా సన్నగొట్టం పోనిస్తారు, అందులోంచి వల విప్పుతారు, అది గడ్డలో దిగడానికి కొద్ది నిమిషాలు ఆగుతారు, వెనకనుంచి నెత్తురు పీలుస్తూ మెల్లగా లాగుతారు.

వల వచ్చినంత మాత్రాన వైద్యం నిలబడలేదు. 2013 ఫిబ్రవరిలో హొనొలులులో జరిగిన సభలో మూడు పెద్ద పరీక్షల ఫలితాలు చదివారు. మూడింటిలోనూ గడ్డ లాగినందువల్ల ఒరిగిందేమీ లేదని తేలింది. పాత పనిముట్లు, ఆలస్యం, అసలు పెద్ద నాళంలో గడ్డ ఉందో లేదో ముందే ఫోటో తీసి చూసుకోకపోవడం, ఇలా కారణాలు చాలా చెప్పుకున్నారు. నాకు ఆసక్తిగా అనిపించిన కారణం మరొకటి. అమెరికాలో బీమా ఈ వైద్యానికి పరీక్షలో చేరకపోయినా బిల్లు కట్టేది. అలాంటప్పుడు రోగికి ఏ వైద్యం చెయ్యాలో చీటీ వేసి తేల్చే పరీక్షకి ఏ డాక్టరు ఒప్పుకుంటాడు? బాగుపడేలా ఉన్నవాడికి నేరుగా చేసేసేవారు. పరీక్షలో మనుషులు చేరక ఏళ్ళు గడిచాయి, ఈలోగా పనిముట్టు పాతబడింది.

హాలండ్‌లో ప్రభుత్వం తెలివైన పని చేసింది. పరీక్షలో చేరితేనే బిల్లు, లేకపోతే లేదంది. దాంతో దేశంలో ఈ పని చేసే ఆసుపత్రులన్నీ ఒకే గొడుగు కిందికొచ్చాయి. పదహారు ఆసుపత్రులు, 500 మంది రోగులు. 2014 అక్టోబరులో ఇస్తాంబుల్‌లో ఫలితం చదివారు: మామూలు వైద్యంతో తమ పనులు తాము చేసుకోగలిగిన స్థితికి వచ్చినవాళ్ళు నూటికి 19 మంది, గడ్డ లాగితే 33 మంది. ఆరు నెలలు తిరక్కుండా మరో నాలుగు పరీక్షలు అదే మాటన్నాయి. 2018 నాటికి, మెదడులో ఇంకా బతికున్న భాగం ఉందని స్కాన్‌లో కనిపిస్తే 24 గంటల దాకా కూడా లాగొచ్చని తేలిపోయింది.

ధనిక దేశాల కథ అక్కడితో సరి. మనలాంటి వాళ్ళ కథ బ్రెజిల్‌లో మొదలవుతుంది.

బ్రెజిల్‌లో 1988 రాజ్యాంగం వైద్యాన్ని హక్కుగా రాసింది. దాని మీద కట్టిన ప్రభుత్వ వైద్య వ్యవస్థని సూస్ అంటారు. ఆ దేశంలో పదిమందిలో ఏడుగురికి పైగా అదే దిక్కు. దక్షిణాన పోర్టో అలెగ్రే ఊళ్ళో షీలా మార్టిన్స్ అనే నరాల డాక్టరు సర్కారు ఆసుపత్రుల్లో పక్షవాతం విభాగాలు పెట్టించడానికే ఏళ్ళ తరబడి తిరిగింది. 2012లో ప్రభుత్వం పక్షవాతానికి జాతీయ విధానం తెచ్చింది. గడ్డ కరిగించే మందు సూస్‌లో దొరకడం మొదలైంది. గడ్డ లాగే వల మాత్రం ప్రైవేటు ఆసుపత్రుల్లో, డబ్బున్నవాళ్ళకి. 2015లో లోకమంతా రుజువైందన్నాక కూడా ప్రభుత్వం కదల్లేదు. ఆ రుజువులన్నీ ధనిక దేశాలవి. నడవాల్లో స్ట్రెచర్లు బారులు తీరే ఆసుపత్రిలో, ఫిజియోథెరపీ దొరకని చోట, ఇంత ఖరీదైన పని ఫలితమిస్తుందని నమ్మకమేమిటి అన్నది అడ్డు.

ఆ ప్రశ్న విన్నప్పుడు ముందు నాకు కోపమొచ్చింది. తర్వాత ఆలోచిస్తే, జవాబు చెప్పదగ్గ ప్రశ్నేననిపించింది. మార్టిన్స్, అప్పట్లో అట్లాంటాలో పనిచేస్తున్న రౌల్ నొగేరా కలిసి ప్రభుత్వం సొమ్ముతో, పన్నెండు సర్కారు ఆసుపత్రుల్లో పరీక్ష పెట్టారు. పేరు రెజిలియంట్. రోగులకి చీటీ వేయడం మొదలుపెట్టే ముందు, ఆసుపత్రుల చేతులు అలవాటుపడటానికి 79 మందికి చీటీ లేకుండానే చేశారు. ఈ భాగం నాకు బాగా నచ్చింది. సామాను కొనిచ్చి, నేర్చుకునే వ్యవధి ఇవ్వకుండా ఫలితాలేవని అడిగే పద్ధతి మనవాళ్ళకి బాగా అలవాటు కదా.

రుజువైన వైద్యాన్ని సగం మందికి ఇవ్వకుండా పరీక్ష ఏమిటని అడిగేవాళ్ళుంటారు. తేలిగ్గా తోసెయ్యగల మాట కాదది. నా జవాబు ఇది: ఆ ఆసుపత్రుల్లో ఆ వైద్యం ఎవరికీ అందడం లేదు. పరీక్ష పెట్టకపోతే ఆ సగం మందికీ లేదు, రెండో సగానికీ లేదు. చీటీ వల్ల ఒకరికి పోయిందేమీ లేదు, ఒకరికి వచ్చింది. అయినా చీటీలో మామూలు వైద్యం వచ్చినవాడి ఇంటివాళ్ళకి ఈ లెక్క చెప్పే బాధ్యత నాకు పడనందుకు సంతోషిస్తాను.

690 మందిని చేర్చుకోవాలనుకున్నారు. 221 మంది చేరేసరికే ఫలితం స్పష్టంగా కనిపించడంతో పరీక్ష ఆపేశారు. ఎనిమిది గంటలలోపు గడ్డ లాగినవాళ్ళలో నూటికి 35 మంది మూడు నెలలకి తమ పనులు తాము చేసుకోగలిగారు. మామూలు వైద్యంలో 20 మంది. ప్రమాదకరమైన నెత్తురు చిమ్మడం రెండు వైపులా సమానమే, నూటికి నాలుగున్నర. 2020లో ఇది అచ్చయింది. ధనిక దేశాల పరీక్షలన్నీ కలిపి చూస్తే గడ్డ లాగినవాళ్ళలో 46 మంది దాకా ఆ స్థితికి వచ్చారు, లాగనివాళ్ళలో 26 మంది. అంటే బ్రెజిల్‌లో రెండు అంకెలూ కిందికి దిగాయి, మధ్య తేడా మాత్రం ఇరవై నుంచి పదిహేనుకే తగ్గింది. వార్డులో కొరతలున్నా, లాగిన గడ్డ ఫలం చాలావరకు దక్కింది. బీద ఆసుపత్రిలో ఇది వృథా ఖర్చన్న వాదన అక్కడితో చచ్చిపోవాలి.

చచ్చిపోలేదు. 2021లో ఈ వైద్యాన్ని సూస్‌లో చేర్చడానికి ఒప్పుకున్నారు. బిల్లు కట్టే ఉత్తర్వు 2023 చివర్లో గానీ రాలేదు. తన దేశంలో, తన ఆసుపత్రుల్లో, తన సొమ్ముతో తేల్చిన సంగతికి పైసలు విడుదల చెయ్యడానికి ఒక ప్రభుత్వానికి పట్టిన కాలమది. 67 దేశాల లెక్క తీసి 2023లో ఒక నివేదిక అచ్చేశారు. అవసరమున్న నూరు మందిలో ఈ వైద్యం అందేది సగటు దేశంలో ముగ్గురికైనా కాదు, 18 దేశాల్లో నూటికి ఒక్కరికంటే తక్కువ.

మన దగ్గరికొస్తే, తెలుగువాళ్ళకి ఈ దారిలో సగం ఎప్పుడో వేసి ఉంది. 2005లో 108 వచ్చింది, 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. బండి, బిల్లు అన్న రెండు మాటలూ దేశంలో చాలామంది కంటే ముందు మనం నేర్చుకున్నాం. కొండల్లో ఉన్న హిమాచల్ ప్రదేశ్ 2014లో జిల్లా ఆసుపత్రుల్లో మామూలు డాక్టర్ల చేతే, ఫోన్లో స్కాన్ బొమ్మ పెద్ద డాక్టరుకి చూపించి, గడ్డ కరిగించే మందు ఉచితంగా ఇప్పించడం మొదలుపెట్టింది. సీటీ తప్ప పెద్ద మిషన్లేమీ లేకుండానే.

నేను పనిచేసినచోట అడ్డుపడ్డవి చిన్న చిన్న సంగతులు. క్యాథ్‌ల్యాబ్ గుండె విభాగం కింద ఉండేది. పొద్దున్నుంచీ గుండె రోగుల వరస. గుండెకి వాడిన క్యాథెటర్లని కడిగి, గ్యాస్ స్టెరిలైజేషన్‌కి పంపి మళ్ళీ వాడుకునే రోజులవి. అక్కడ లక్షల్లో ఖరీదు చేసే, ఒక రోగితో సరిపోయే వలని ముందే కొని అల్మరాలో పెట్టుకుందామంటే ఆడిట్ వాడు ఊరుకుంటాడా? “రోగి వచ్చాక ఇండెంట్ పెట్టండి” అనేవారు. రోగి వచ్చాక ఇండెంట్ పెడితే, సంతకాలై, సప్లయరు మనిషి బండి మీద తెచ్చేసరికి ఆ పంతొమ్మిది లక్షల లెక్క ఎన్నిసార్లు తిరుగుతుందో మీరే వేసుకోండి. ఇక రోగి వైపు: లంక గ్రామాల నుంచి వచ్చేవాళ్ళు ముందు పావురం రక్తంతో మర్దనా చేయించుకుని, తగ్గకపోతే మర్నాడు వచ్చేవారు. వాళ్ళని తప్పుపట్టే ముందు, అదే రోజు వచ్చినవాళ్ళకి మేమేం చేశామన్నది చెప్పుకోవాలి. అదే రోజు వచ్చినవాళ్ళనీ చాలామందిని వార్డుకే పంపాం.

మంచి పనివాళ్ళకి కొదవ లేదు. మెడలో సూది గుచ్చి, చేత్తో క్యాసెట్లు లాగి బొమ్మలు తీసినవాళ్ళం. వల లాగడం మాకు రాని విద్య అవుతుందా? రావాల్సింది వల.

ఇది చదివేవాళ్ళలో ఆసుపత్రి అభివృద్ధి కమిటీల్లో ఉన్నవాళ్ళు, విలేకరులు, మాట చెల్లే పెద్దలు ఉంటారు. ఈసారి మీ జిల్లా ఆసుపత్రికి వెళ్ళినప్పుడు సూపరింటెండెంట్ గారిని మర్యాదగా కొన్ని సంగతులు అడగండి. రాత్రి రెండింటికి సీటీ తీసే మనిషి డ్యూటీలో ఉంటాడా? గడ్డ కరిగించే మందు క్యాజువాలిటీలో ఉందా, మెయిన్ స్టోర్లో తాళం కింద ఉందా? గడ్డ లాగాల్సిన రోగిని ఏ ఆసుపత్రికి పంపాలో, అక్కడ ఎవరికి ఫోన్ చెయ్యాలో గోడ మీద రాసి ఉందా? ఆ పెద్ద ఆసుపత్రిలో వల ఇవాళ అల్మరాలో ఉందా, రేపు ఇండెంట్‌లో వస్తుందా? జవాబులు రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.